ఇంటి తాళం ఎవరి దగ్గర? విడాకుల కథల్లో మనం వదిలేసిన ఇల్లు

ఆమధ్య పెన్‌పహాడ్‌లో ఒక సాయంత్రం పదిహేనుమందిమి కూర్చుని కథల గురించి మాట్లాడుకున్నాం. సూర్యాపేట నుంచి వచ్చిన కాలేజీ విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల టీచర్లు, కొందరు గృహిణులు వున్నారు. తెలుగు కథ స్త్రీ విముక్తిని ఎట్లా చిత్రించిందన్నది ఆనాటి విషయం. అలవాటు ప్రకారం నేను గురజాడతో మొదలుపెట్టి ఓల్గా 'స్వేచ్ఛ' దాకా వచ్చి, భర్త ఇంటి నుంచి బయటికి నడిచిన అరుణను మెచ్చుకుని ఆగాను. వెనక వరుసలోంచి ఒకామె లేచి అడిగింది:

"సార్, అరుణకు నౌకరుంది, పోయింది. మంచిగనే ఉంది. నేనెందుకు పోవాలె? ఆ ఇంటికి స్లాబు నేను పోయించిన. సంఘంల లోను తీస్కొని కిస్తీలు నేనే కట్టిన. ఇంటి పన్ను రసీదు మాత్రం ఆయన పేరు మీదుంది. ఆయన కోర్టుకు రాడు, ఇడుపు కాయిదం మీద సంతకం పెట్టడు. 'ముందు ఇల్లు ఖాళీ చెయ్యి, అప్పుడు పెడ్త' అంటడు. గిసొంటి దాని మీద కథ ఏదన్న ఉంటె పేరు చెప్పున్రి, చదువుత."

నాకు కథ పేరు తట్టలేదు. బయటికి నడిచిన స్త్రీల కథలు పది చెప్పగలను. ఇంట్లోనే నిలబడి "ఈ ఇల్లు నాది కూడా" అన్న స్త్రీ కథ ఒక్కటి చెప్పలేకపోయాను. అది నా జ్ఞాపకశక్తి లోపం మాత్రమేనా, లేక మన సాహిత్యంలోనే వున్న ఖాళీయా అన్న ప్రశ్నతో తిరిగొచ్చాను. మళ్లీ చదువుకున్నాక నాకు తోచింది ఇది: ఆలుమగలు విడిపోవడాన్ని మన కథ ఎంత ధైర్యంగా రాసిందో, వాళ్లిద్దరూ కలిసి కట్టుకున్న ఇంటిని అంత సులువుగా భర్తకు వదిలేసింది. ఆస్తి సంబంధాలే మానవ సంబంధాలకు పునాది అని నమ్మిన మనమే ఈ విషయంలో ఆస్తి సంగతి మరచిపోయాం.

ఒకటి: గడప దాటే కథలు

ఆధునిక సాహిత్యంలో ఈ దృశ్యానికి మూలరూపం ఇబ్సెన్ 1879లో రాసిన 'బొమ్మరిల్లు' నాటకంలో వుంది. నోరా భర్తను వదిలి వెళ్లిపోతుంది. తలుపు మూసిన చప్పుడుతో నాటకం ముగుస్తుంది. యూరప్‌లో ఆ చప్పుడు చాలా కాలం వినిపించింది. చైనాలోనూ వినిపించింది. అయితే చైనా రచయిత లూ సున్ 1923 డిసెంబరులో బీజింగ్‌లో విద్యార్థినుల ముందు మాట్లాడుతూ, అందరూ చప్పట్లు కొడుతున్న చోట ఒక మొరటు ప్రశ్న వేశాడు: వెళ్లిపోయిన తర్వాత నోరా ఏమవుతుంది? చేతిలో డబ్బు లేకపోతే ఆమె పతనమైనా కావాలి, తిరిగి ఇంటికైనా రావాలి అని ఆయన వాదం. ఆర్థిక హక్కు లేని మేలుకొలుపు మనిషిని నడివీధిలో నిలబెడుతుందన్నది దాని సారాంశం. ఇక్కడ మనం ఇంకొక్క ప్రశ్న కలుపుకోవాలి. నోరా వదిలి వెళ్లిన ఇల్లు ఏమైంది? నాటకం ఆ ప్రశ్న అడగదు. ఇల్లు భర్తదే అన్నది నాటకానికి ముందే తేలిపోయిన సంగతి.

మన సంగతి చూద్దాం. గురజాడ 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. ఆ కథ తలుపు దగ్గరే మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన గోపాలరావుకు కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. ఆమె పుట్టింటికి వెళ్లిపోయిందనుకుని అతను కుమిలిపోతాడు. చివరికి మంచం కింది నుంచి నవ్వు వినపడుతుంది. ఈ కథను భర్త పశ్చాత్తాపం కథగా మనం పాఠాలు చెబుతూ వచ్చాం. కాని ఒక్క సంగతి గమనార్హం. కమలిని ఎక్కడికీ పోలేదు. పోయినట్టు నటించింది. ఇంట్లోనే వుండి, తను లేని ఇల్లు ఎట్లా వుంటుందో భర్తకు చూపించింది. గడప దాటితే తిరిగి రావడం ఎంత కష్టమో తెలిసిన స్త్రీ తెలివి అది. నిజంగానే పుట్టింటికి పోయివుంటే? ఆ రోజుల హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఆమెకు విడాకులు లేవు. భర్త ఇంట్లో వాటా లేదు. పుట్టింట్లో వున్నది అన్నదమ్ముల దయ. కమలిని నవ్వు వెనకాల ఇంత లెక్క వుంది. గురజాడ ఆ లెక్క పైకి చెప్పలేదు గాని, ఆమెను మంచం కిందనే వుంచడంలో దానిని గుర్తించాడనే అనుకుంటాను.

చలం 'మైదానం' 1927లో వచ్చింది. రాజేశ్వరి భర్త వకీలు. చట్టం తెలిసిన మనిషి ఇంట్లోంచే ఆమె అమీర్‌తో వెళ్లిపోతుంది. చలం ఆమెకు గోడలు లేని మైదానాన్ని ఇచ్చాడు. ఆ మైదానం తెలుగు నవలకు కొత్త గాలి తెచ్చిందనడంలో సందేహం లేదు. అయితే గోడలు లేని చోటులో స్వేచ్ఛను చూపించడంలో ఒక ఒప్పుకోలు కూడా వుంది: గోడలున్నవన్నీ మగవాడివి. 1927లో అది వాస్తవం. మద్రాసు రాష్ట్రంలో హిందువులకు విడాకుల చట్టం 1949లో గాని రాలేదు. హైదరాబాదు రాష్ట్రంలోని మనవాళ్లకు 1955 హిందూ వివాహ చట్టం దాకా ఆగవలసి వచ్చింది. చట్టంలో దారి లేనప్పుడు ఆమె మైదానంలోకి పోయింది. చట్టంలో దారి ఏర్పడ్డాక కూడా మన నాయికలను అదే మైదానంలోకి పంపిస్తూ వుంటే తప్పు చలానిది కాదు, మనది.

'స్వేచ్ఛ' 1987లో వచ్చింది. అరుణ చదువుకున్నది, సంపాదిస్తున్నది. ప్రకాశాన్ని ప్రేమించే పెళ్లి చేసుకుంది. ప్రేమ పెళ్లి కూడా పెళ్లేనని, అందులోనూ ఆమె ఎక్కడికి పోవాలో, ఎవరితో మాట్లాడాలో నిర్ణయించే అధికారం ఇంకొకరి చేతిలో వుందని నవల చూపించింది. భర్త దుర్మార్గుడు కానక్కరలేదు, మంచివాడైనా చాలు అని చెప్పిన నవల అది. అందులోనే దాని బలం వుంది. కాని విడిపోయే ఘట్టానికి వచ్చేసరికి అరుణ తన బట్టలతో, తన బతుకుతో బయటికి వస్తుంది. ఆ సంసారంలో ఆమె జీతం ఎంత కలిసిందో, ఆ ఇంటి సామానులో ఆమెది ఎంతో నవల లెక్క వేయదు. నవల దృష్టి మనసు మీద వుంది కాబట్టి దానిని నేను లోపంగా చెప్పడం లేదు. దాని తర్వాత వచ్చిన అనుకరణలు మాత్రం ఆ బయటికి నడవడాన్నే విముక్తికి పర్యాయపదంగా చేసుకున్నాయి. సూట్‌కేసు, ఆటో, వెనక్కి చూడని నడక: ఇది ఒక ముగింపు సూత్రమైపోయింది.

ఈ వరుసలో నాకు మినహాయింపుగా కనిపించింది పి. సత్యవతి 'ఇల్లలకగానే'. ఇల్లు అలికి, ముగ్గులు పెట్టి, ఆ పనిలోనే తన పేరు మరచిపోయిన స్త్రీ కథ అది. పేరు వెతుక్కుంటూ పుట్టింటికి పోయి, పాత స్నేహితురాలి నోట "శారదా" అన్న పిలుపు వింటుంది. తర్వాత ఆమె ఎటూ వెళ్లిపోదు. తన పేరుతో తన ఇంటికే తిరిగి వస్తుంది. తెలుగు కథలో ఇది చిన్న విషయం కాదు. నేను పెన్‌పహాడ్ పాఠకురాలికి ఆ రోజు చెప్పవలసిన కథ పేరు ఇదేనేమో. అయినా ఆమె ఇంకో అడుగు ముందుకు వేసి అడిగేది: "శారద పేరు దొరికింది గదా సార్, మరి ఇంటి పన్ను రసీదు మీద ఎవరి పేరుంది?"

రెండు: కాగితాలలో వున్న కథ

కాగితాల సంగతి వకీళ్లకు వదిలేద్దాం, కథకుడికి ఎందుకు అనేవాళ్లు వుంటారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి స్వయంగా వకీలు. 'ఆరు సారా కథలు'లో ఆయన కోర్టు వరండానూ, సాక్షినీ, ప్లీడరునూ చూపించకపోతే ప్రొహిబిషన్ చట్టం ఎవరి మెడకు చుట్టుకుందో మనకు తెలిసేది కాదు. విడిపోయే ఆలుమగల ఇంటి విషయంలో కూడా కాగితాలలోనే మనుషుల స్వభావం బయటపడుతుంది. కథకుడికి పనికివచ్చేంత మేరకు ఆ కాగితాలను చూద్దాం.

మొదటిది సంతకం. హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడాకులు 1976 సవరణతో వచ్చాయి. ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలల తర్వాత ఇద్దరూ మళ్లీ ఒప్పుకోవాలి. ఆ ఆరు నెలల గడువును తగిన కారణముంటే తగ్గించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. కాని డిక్రీ వచ్చేలోగా ఒకరు మనసు మార్చుకుంటే అంగీకారం రద్దయినట్టేనని అదే కోర్టు 1991లో చెప్పివుంది. అంటే సహకరించని మనిషి చేతిలో సంతకం ఒక ఆయుధం. "ఇల్లు వదులు, సంతకం పెడతాను" అనే బేరం ఇక్కడ పుడుతుంది.

పెన్‌పహాడ్ పాఠకురాలి మాటలో వున్న ఒక అపోహ కూడా ఇక్కడే తేలుతుంది. అతని సంతకం ఒక్కటే దారి కాదు. క్రూరత్వం, రెండేళ్లకు తగ్గకుండా విడిచిపెట్టిపోవడం వంటి కారణాలు రుజువు చేస్తే అతను ఒప్పుకోకపోయినా కోర్టు విడాకులు ఇవ్వగలదు. సమన్లు అందినా రానివాడిని కోర్టు వదిలేసి, వచ్చిన మనిషి సాక్ష్యం విని తీర్పు చెప్పగలదు. ఆలస్యం కావచ్చు, తిరగవలసి రావచ్చు. కాని సంతకం కోసం ఇల్లు అప్పగించవలసిన అగత్యం లేదు. మన కథల్లో భర్త సంతకం దేవుడి వరంలాగా కనిపించడానికి కారణం రచయితలు ఈ మాత్రం విచారించకపోవడమే.

రెండవది ఇంటి కాగితం. పల్లెటూళ్లో ఇల్లు చాలావరకు గ్రామకంఠంలో వుంటుంది. పొలానికి వున్నట్టు దానికి పట్టాదారు పాసుపుస్తకం వుండదు. పంచాయతీ ఇచ్చిన ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇవే ఆధారాలు. అవి మామ పేరు మీదో, భర్త పేరు మీదో వుంటాయి. పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదని కోర్టులు చెబుతూనే వున్నా, ఊళ్లో పెద్దమనుషుల ముందు అదే బ్రహ్మరాత. పంచాయితీలో బంగారం, సామాను, పెట్టిన కట్నం లెక్కకు వస్తాయి. ఇల్లు లెక్కకు రాదు. అది 'వాళ్లది'. కోర్టులో కూడా, పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన వస్తువుల గురించి హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ మాట్లాడుతుంది గాని, పెళ్లయిన పదిహేనేళ్లకు రాయి రాయి పేర్చి కట్టుకున్న ఇంటి గురించి మాట్లాడదు. దానికి ఆస్తి దావా వేరే నడపాలి. 1984 చట్టం కింద ఏర్పడిన కుటుంబ న్యాయస్థానాలకు ఆలుమగల ఆస్తి తగాదాలు వినే అధికారం వుంది. శాశ్వత భరణం ఇస్తూ, ఆ డబ్బుకు పూచీగా అవతలి పక్షం స్థిరాస్తి మీద చార్జి పెట్టే అధికారం కూడా 25వ సెక్షన్ కింద కోర్టుకు వుంది.

పట్టణం సంగతి వేరు. హైదరాబాదులో ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఫ్లాటు ఇద్దరి పేరా, అప్పు ఇద్దరి పేరా వుంటుంది. అక్కడ సహకరించని మనిషి ఇంకో రూపంలో కనపడతాడు: అమ్మడానికి సంతకం పెట్టడు, తను కొనడు, కిస్తీ కట్టడు. విడాకుల డిక్రీ బ్యాంకు అప్పును విడగొట్టదు. ఇద్దరూ బాధ్యులుగానే వుంటారు. మిగిలింది విభాగ దావా. రెండు గదుల ఫ్లాటును నిలువునా కోయలేరు కాబట్టి, 1893 నాటి విభాగాల చట్టం ప్రకారం దానిని అమ్మించి డబ్బు పంచడమో, ఒకరి వాటాను ఇంకొకరు కొనడమో జరుగుతుంది. ప్రేమించి ఎంచుకున్న కిటికీ రంగు కోర్టు కమిషనరు నివేదికలో ఒక వాక్యమవుతుంది. ఈ ఘట్టం రాయదగినది కాదా?

మూడవది వుండే హక్కు. గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమలయింది. అందులో 'ఉమ్మడి నివాసం' అన్న భావన వుంది. ఇంటి మీద హక్కు పత్రం వున్నా లేకున్నా ఆ ఇంట్లో వుండే హక్కు స్త్రీకి వుందని 17వ సెక్షన్ చెబుతుంది. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆమెను వెళ్లగొట్టవద్దనీ, అవసరమైతే భర్తనే ఆ ఇంటి నుంచి బయటికి పొమ్మనీ ఆజ్ఞ ఇవ్వవచ్చు. బయటికి పోవలసింది ఎవరు అన్న ప్రశ్నకు జవాబు మారడం ఇక్కడ మొదలయింది. ఆ చట్టం అమల్లోకి వచ్చిన రెండు నెలలకే సుప్రీంకోర్టు తరుణా బాత్రా కేసులో, అత్త పేర వున్న ఇల్లు ఉమ్మడి నివాసం కాదంటూ ఆ హక్కును కుదించింది. 2020 అక్టోబరులో స్నేహా అహూజా కేసులో ఆ తీర్పు సరికాదని చెప్పింది. మధ్యలో పద్నాలుగేళ్లు గడిచాయి. ఆ పద్నాలుగేళ్లలో "ఇల్లు మా అమ్మ పేర వుంది" అన్న ఒక్క మాటతో ఎంతమంది కోడళ్లు సామాను సర్దుకుని వుంటారో వూహించగలవాడే కథకుడు.

అయితే వుండే హక్కు వేరు, వాటా వేరు. బెంగుళూరులో ఒక అద్దె ఇంటి గురించి నడిచిన అచలా ఆనంద్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఒక భేదం చూపించింది. భర్త వదిలేసిపోయిన భార్య, యజమాని వేసిన ఖాళీ చేయించే దావాలో తన నివాసం కోసం వాదించుకోవచ్చు. కాని విడాకులై భార్య హోదా పోయాక ఆ నివాస హక్కు డిక్రీలో గాని, ఒప్పందంలో గాని వుంటేనే నిలుస్తుంది. అంటే విడాకులు ముందు తెచ్చుకుని ఇంటి సంగతి తర్వాత చూద్దామనుకున్న స్త్రీ చేజేతులా చిక్కులో పడవచ్చు. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇవ్వాలన్న ఏర్పాటుతో వివాహ చట్టాల సవరణ బిల్లు 2013లో రాజ్యసభలో నెగ్గింది. లోక్‌సభలో నెగ్గక 2014లో కాలం చెల్లిపోయింది.

పుట్టిల్లు? 1956 వారసత్వ చట్టం 23వ సెక్షన్ ప్రకారం అన్నదమ్ములు పంచుకోవాలనుకునే దాకా ఆడపిల్ల కుటుంబం నివసించే ఇంట్లో విభాగం అడగడానికి వీలులేదు. భర్త వదిలేసిన కూతురుకో, విడిపోయిన కూతురుకో అక్కడ తలదాచుకునే హక్కు మాత్రం ఇచ్చారు. ఆ సెక్షన్ 2005లో పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది గాని, అప్పటికే పెళ్లయిన వాళ్లకు అది వర్తించలేదు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఆ తేదీకి అటు పెళ్లయిన అక్కకూ, ఇటు పెళ్లయిన చెల్లెలికీ మధ్య వచ్చిన తేడా ఒక నవలకు సరిపోతుంది.

మూడు: మనకు తెలిసిన కబ్జా

ఇప్పుడు మళ్లీ సూర్యాపేట ప్రాంతానికి వద్దాం. ఎందుకంటే ఇంటి ప్రశ్నకు జవాబు వెతకడానికి కావలసిన భాష ఈ నేలమీదే వుంది.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట తాలూకా ముఖ్య కేంద్రాలలో ఒకటి. ఆ పోరాటం భూమి గురించి ఒక సూటి ప్రశ్న వేసింది: కాగితం మీద పేరున్నవాడిదా భూమి, చెమటోడ్చి దున్నినవాడిదా? 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. తర్వాత అదే చట్టంలోని 38-ఇ కింద అలాంటి కౌలుదార్లకు యాజమాన్య సర్టిఫికెట్లు కూడా వచ్చాయి. పహాణీలో పట్టాదారుకు ఒక కాలమ్, అనుభవదారుకు ఒక కాలమ్ వుండేవి. పట్టా ఒకరిది, కబ్జా ఒకరిది అని ఊళ్లో చదువురాని రైతు కూడా చెప్పగలిగేవాడు. 2020లో ధరణి వచ్చి అనుభవదారు కాలమ్ పోయినప్పుడు అందుకే అంత అలజడి రేగింది.

భూమి విషయంలో మనకు ఇంత స్పష్టంగా తెలిసిన ఈ భేదం ఇంటి విషయంలో ఎందుకు కనపడలేదు? ఆలుమగల ఇంటికి పహాణీ రాస్తే పట్టాదారు కాలమ్‌లో భర్త పేరుంటుంది. అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరు రాయాలి? తెల్లవారుజామున వాకిలి వూడ్చింది ఎవరు? నీళ్లు మోసింది, వంట చేసింది, పిల్లలను పెంచింది, అత్తమామలకు మందులిచ్చింది, మహిళా సంఘంలో అప్పు తీసి స్లాబు పోయించింది ఎవరు? కౌలుదారు చెమటకు హక్కు పుడుతుందని రాసిన కలానికి, ఇల్లాలి చెమట దగ్గరికి వచ్చేసరికి సిరా ఆరిపోయింది.

ఆ పోరాటంలో పనిచేసిన స్త్రీల జ్ఞాపకాలను స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. సూర్యాపేట ప్రాంతపు ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం గొంతు అందులో వుంది. పోరాట విరమణ తర్వాత ఇక ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్నప్పుడు ఆ స్త్రీలు పడిన వేదన ఆ పుస్తకం నిండా వుంది. మన విమర్శకులు దానిని ఉద్యమంలో స్త్రీ స్థానం గురించిన ప్రశ్నగా చదివారు. అది ఇంటి గురించిన ప్రశ్న కూడా. 'ఇంటికి పో' అన్నారు. ఏ ఇంటికి? ఎవరి పేర వున్న ఇంటికి? గడీల మీద ఎర్రజెండా ఎగరేసిన దళం సభ్యురాలికి స్వంతమని చెప్పుకోవడానికి ఒక గది వుందా అని మనలో ఎవరూ అడగలేదు.

'ఇంటికి రా' అన్న పిలుపు కూడా ఎంత బరువైనదో 1983లో మన హైకోర్టులోనే తేలింది. సినీనటి సరిత మీద భర్త దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరుతూ వేసిన కేసులో, ఇష్టం లేని స్త్రీని కోర్టు ఆజ్ఞతో భర్త ఇంటికి పంపే 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెప్పారు. మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. చట్టం దృష్టిలో ఇల్లు స్త్రీని పిలిపించగల స్థలమయింది. ఆమెకు హక్కున్న స్థలం కావడానికి మాత్రం ఇంకా ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఈ వైరుధ్యం మన కథలోకి ఎందుకు రాలేదు?

నాలుగు: రాగల ఆక్షేపణలు

ఈ వాదన మీద అభ్యుదయ శిబిరం నుంచే రెండు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది: సొంత ఆస్తి మీద నిర్మించిన కుటుంబమే స్త్రీ బానిసత్వానికి మూలమని ఎంగెల్స్ 1884లోనే వివరించాడు. అట్లాంటప్పుడు ఆ ఆస్తిలోనే వాటా అడగమని రాయడం సంస్కరణవాదం కాదా? దీనికి జవాబు మన చరిత్రలోనే వుంది. భూమిలేని కూలీకి ఎకరం పట్టా అడిగినప్పుడు మనం సొంత ఆస్తిని కీర్తించలేదు. కాళ్ల కింద నేల లేనివాడు తలెత్తి మాట్లాడలేడని గుర్తించాం. ఇల్లులేని స్త్రీ కూడా అంతే. మరునాడు పడుకోవడానికి చోటు లేని మనిషి ఈ రోజు దెబ్బను సహిస్తుంది. ఎదురుతిరగడానికి ముందు కావలసింది నిలబడే చోటు.

రెండవది: ఇట్లా రాస్తే కథ ఆడవాళ్ల పక్షం, మగవాళ్ల పక్షంగా చీలి నినాదమవుతుంది. ఇందులో కొంత నిజం వుంది. సహకరించని మనిషి ఎప్పుడూ మగవాడే కానక్కరలేదు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇల్లు మహిళ పేరునే మంజూరవుతుంది. రేపు విడిపోయే ఒక జంటలో పట్టా భార్యది, గోడలు కట్టిన మేస్త్రీ భర్త కావచ్చు. అప్పుడు నేను పైన చెప్పిన అనుభవదారు సూత్రం అతనికీ వర్తించాలి. లేకపోతే అది సూత్రం కాదు, పక్షపాతం. అలాగే అత్త పేర వున్న ఇంట్లో కోడలి హక్కు గురించి రాసేటప్పుడు, ఆ అత్త కూడా ఒకనాడు అదే గడప మీద గుడ్లనీరు కుక్కుకుని నిలబడిన కోడలేనని మరచిపోకూడదు. గృహహింస చట్టం భర్తను ఇల్లు వదలమని చెప్పగలదు గాని, ఇంట్లోని ఏ స్త్రీనీ బయటికి పొమ్మని చెప్పలేదు. ఒకే కప్పు కింద, ఇద్దరికీ వుండే హక్కు వున్న అత్తా కోడళ్లు, ఇద్దరికీ అక్కర లేని ఒక మగవాడు. ఈ పరిస్థితిలో నినాదానికి చోటు లేదు. మంచి కథకు చాలా చోటు వుంది.

ఐదు: రాయవలసిన కథ

యువ రచయితలకు నేను సూత్రాలు చెప్పదలచుకోలేదు. కాని విడిపోయే ఆలుమగల కథ రాసేటప్పుడు కొన్ని ప్రశ్నలు తమను తాము వేసుకోవాలని కోరుతున్నాను. ఆ ఇల్లు గ్రామకంఠంలో వుందా, పట్టా భూమిలో వుందా? పన్ను రసీదు ఎవరి పేర? అప్పు ఎవరు తెచ్చారు, కిస్తీ ఎవరు కట్టారు? గొడవైన రాత్రి ఎవరు బయట పడుకున్నారు? తాళంచెవి ఎవరి కొంగున వుంది? రాయబారానికి వచ్చిన పెద్దమనిషి ఏ కుర్చీలో కూర్చున్నాడు, ఎవరిని ఉద్దేశించి మాట్లాడాడు? ఈ వివరాలన్నీ కథలో కనపడనక్కరలేదు. రచయితకు తెలిసి వుండాలి. రైతు కథ రాసేవాడు కాలువ కింది మడికీ, చెలకకూ తేడా తెలియకుండా రాస్తే మనం నవ్వుతాం. ఇంటి కథకు కూడా అదే న్యాయం.

ఇంకొక మాట. గడప దాటిన స్త్రీలను చిన్నచూపు చూడడానికి ఈ వ్యాసం కాదు. రాజేశ్వరి, అరుణ బయటికి నడవకపోతే, ఇంట్లో నిలబడి మాట్లాడవచ్చునన్న ఆలోచన కూడా తర్వాతి తరానికి వచ్చేది కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు బయటపడవలసిందే. హక్కు సంగతి తర్వాత. అయితే ఒక కాలానికి సాహసమైనది ఇంకో కాలానికి అలవాటు కావచ్చు. ఇప్పుడు ఆ నడక మన కథల్లో అలవాటైపోయింది. ఆమె వెళ్లిపోతే కథకుడికీ, పాఠకుడికీ, భర్తకూ కూడా సౌకర్యంగా వుంటుంది. ఆమె వెళ్లకపోతేనే ముగ్గురికీ ఇబ్బంది. అభ్యుదయ సాహిత్యం ఎవరి ఇబ్బంది నుంచి మొదలు కావాలో వేరే చెప్పనక్కరలేదు.

ఆ సాయంత్రం సభ ముగిశాక ఆమెతో ఇంకొంచెం మాట్లాడాను. ఖాళీ చేసే ముందు వకీలును కలవమన్నాను. గృహహింస చట్టం కింద జిల్లాలో రక్షణ అధికారి వుంటారనీ, సంఘం లోను పుస్తకం, సిమెంటు కొన్న రసీదులు జాగ్రత్త చేసుకొమ్మనీ చెప్పాను. ఆమె నవ్వి, "అవన్నీ ట్రంకు పెట్టెల పెట్టిన సార్. పెట్టె తాళం నా కాడనే ఉంది" అంది. ఆ ట్రంకు పెట్టెలోని రసీదుల నుంచి మొదలయ్యే కథను మనలో ఎవరైనా రాస్తే, వచ్చే సమావేశానికి దాన్ని ఆమెకు నేనే తీసుకుపోయి ఇస్తాను.